లైట్ జాబు

బొగ్గుబావిలో పైకప్పు కూలి మోకాలు నుజ్జయ్యాక సమ్మయ్యకు పైన "లైట్ జాబు" ఇచ్చారు. ఇల్లందు కార్మికవాడలో ఆ మాట పలకని నోరు లేదు. డికాక్షన్ తక్కువైతే లైట్ చాయ్, వెలిసిన చీర లైట్ కలర్, దవాఖానాలో చెప్పే జావ లైట్ ఫుడ్. ఇన్నిటికి అతికిన మాట సమ్మయ్య ఒంటికి మాత్రం పట్టలేదు. పెద్ద పెద్ద తట్టలెత్తిన మనిషికి అదొక నామర్దా.

పనల్లా బావి గేటు దగ్గర నిలబడి దిగేవాళ్ల జేబులూ నడుములూ తడమడం. లోపల గ్యాసు ఉంటుంది, ఒక్క అగ్గిపుల్ల గీస్తే చాలు. ఈ సంగతి తెలియనివాడు లేడు. కానీ బీడీ కోసం నాలుక పీకేటప్పుడు తెలివి ఎవడికి పనిచేస్తుంది? "లైట్‌గ చూడు కాకా" అంటూ నవ్వుతూ చేతులెత్తేవాళ్లు. తనిఖీనీ తేలిగ్గానే చూసేవాళ్లు, చేసేవాణ్ణీ తేలిగ్గానే చూసేవాళ్లు. నిన్నటిదాకా ఒకే డబ్బాలో సద్ది తిన్నవాళ్లను తడమాలంటే సమ్మయ్యకు చచ్చేంత సిగ్గు.

ఒక పొద్దున చెల్లెలి మొగుడు గోపయ్య నడుం దగ్గర అతని చేతికి ఏదో గట్టిగా తగిలింది.

"ఇడిసెయ్ బావా, అందరు చూస్తున్నరు," గొణిగాడు గోపయ్య. "లోపల ముట్టియ్యనులే. ఒట్టు."

సమ్మయ్య చెయ్యి తియ్యలేదు. ఆపితే చెల్లెలి గడప మళ్లీ తొక్కలేడు. వదిలితే దిగేది గోపయ్య ఒక్కడే కాదు, షిఫ్టు మొత్తం.

అగ్గిపెట్టె లాగేశాడు. "ఇయ్యాల నువ్వు దిగకు. ఇంటికి పో."

లైన్లో నవ్వులు ఆగిపోయాయి. "కుంటోనికి గేటిస్తే కొండెక్కి కూసుండు" అన్నాడు వెనకనుంచి ఎవడో. సమ్మయ్యకు ఏడుపొచ్చింది. అయినా తరువాతివాణ్ణి తడిమాడు.

సాయంత్రం చెల్లెలు చిన్నక్క వచ్చి సమ్మయ్య వాకిట్లో నిలబడి దుమ్మెత్తిపోసింది.

"సొంత బావని మందిల ఎల్లగొడ్తవా? జెర లేటయితే దిగనియ్యవా? నీకేం పొయ్యేకాలమన్నా?"

"లేటు గాదు చెల్లె. నడుంకాడ అగ్గిపెట్టె దొరికింది."

చిన్నక్క బావి పనివాడి ఇంట పుట్టి, బావి పనివాడి ఇంటికే కోడలుగా వెళ్లిన మనిషి. అగ్గిపెట్టె అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మెల్లగా గడపమీద కూలబడింది. సమ్మయ్య భార్య గురవమ్మ ఇచ్చిన నీళ్లు కూడా ముట్టలేదు.

"అన్నా, రేపు గూడ గేటుకాడ నువ్వే ఉంటవా?"

"అవ్, ఉంట."

"ఆయన్ను గట్టిగ చూడు," అంది లేస్తూ. "నేనన్ననని మాత్రం చెప్పకు."