పొయ్యి మీద ఆరబెట్టిన రాకెట్లు

నా చిన్నప్పుడు పోస్టు సంచి కోసం ఎదురుచూసినంతగా నేను పండగ కోసం కూడా ఎదురుచూడలేదు. అడవి మధ్య ఉన్న మా ఊరు భోపాల్‌పట్నంలో పక్కింట్లో అద్దెకుండే అక్క సర్కారు దవాఖానాలో నర్సు. ఎక్కడో నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున పుట్టి, ఉద్యోగం కోసం మా అడవిలోకి వచ్చిపడింది. నెలకో రెండు నెలలకో ఆమె పేరు మీద ఒక లావుపాటి కవరు వచ్చేది. కవరు చింపేటప్పుడు నేను పక్కన లేకపోతే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. ఎందుకంటే దానిలో రాకెట్ల ఫోటోలు ఉండేవి.

అక్కవాళ్ళ నాయన రాకెట్లు ఎగరేసే చోట ఫిట్టరుగా పనిచేసి, ఆమె చదువు పూర్తికాకముందే పోయాడట. ఆయనతో పనిచేసినవాళ్ళకు అక్క ఉత్తరాలు రాసేది. మొదట్లో ఎగరేసిన రాకెట్ల ఫోటోలు ఎవరి దగ్గరున్నా ఒక కాపీ పంపమని అడిగేది. అవి ఇప్పటి రాకెట్లలా కొండంత ఉండవు. ఏటవాలుగా నిలబెట్టిన ఇనుప పట్టా మీద ఒక సన్నటి గొట్టం, సరుగుడు తోటల మీద గాలికి వంకరపోయిన పొగ, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడ్డ మనుషులు. వాటిలో ఒకే ఒక్క ఫోటోలో అక్కవాళ్ళ నాయన ఉన్నాడు. చేతిలో పానాతో రాకెట్ పక్కన నిలబడి, ఎవరో పిలిచినట్టు ఇటు తిరిగి నవ్వుతుంటాడు. ఇంట్లో ఉన్న ఆయన ఫోటోలన్నీ ఒక తుఫానుకు పోయాయి. ఆయన ముఖమంటూ మిగిలింది ఆ ఒక్కదాంట్లోనే.

నాకు పదేళ్ళప్పుడు వానాకాలంలో అక్కను ట్రైనింగుకని జగదల్‌పూర్ పిలిచారు. ఆమె ఇల్లు కారుతుంది కాబట్టి ఫోటోల రేకు పెట్టెను మా ఇంట్లో పెట్టింది. మా అమ్మకు ఇవ్వకుండా నా చేతికే ఇచ్చి, తడి తగలనీయకుంటే చాలంది. ఆ రోజు నేను నేల మీద నడవలేదనే చెప్పాలి.

ముసురు పట్టి వారమైనా వదల్లేదు. పెట్టె తెరిస్తే బూజు వాసన కొట్టింది, ఫోటోల అంచుల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. తేమ నుంచి దేన్నైనా కాపాడాలంటే మా ఇళ్ళలో ఒకటే పద్ధతి. పొయ్యికి పైన వెదురు తడిక కట్టి, విత్తనాల మొక్కజొన్న కంకులు, చిక్కుడు గింజలు దాని మీద పెడతారు. పొగ తగిలితే ఏడాదైనా పురుగు పట్టదు, బూజు రాదు. విత్తనం బతికినట్టే ఫోటోలూ బతుకుతాయనుకున్నాను. అమ్మ చేనుకు పోయినప్పుడు ఫోటోలన్నీ గంపలో పేర్చి తడిక మీద కంకుల వెనక దాచాను. ఒక్కటి మాత్రం గంపలో పట్టక పెట్టె అడుగునే ఉండిపోయింది.

రెండు రోజుల తర్వాత దించి చూస్తే ఫోటోలన్నీ పొగచూరి, ఎండిన ఆకుల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. కింద అన్నం ఉడికిన ఆవిరికి మెత్తబడి, మళ్ళీ ఎండి, కొన్ని ఒకదానికొకటి అంటుకున్నాయి. అక్కవాళ్ళ నాయన ఫోటో మీద ఇంకొకటి అట్టలా బిగిసిపోయింది. ఏం చేయాలో తోచక అన్నీ పెట్టెలో పెట్టి మూత వేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత మూడు రోజులు నేను పడ్డ భయం పగవాళ్ళకు కూడా వద్దు. దారిలో మద్దేడ్ దగ్గర వాగు పొంగి జగదల్‌పూర్ బస్సు ఆగిపోయింది, అక్క అక్కడే చిక్కుకుపోయింది. అక్క లేదని తెలియక, జ్వరంతో మూలిగే పసిపిల్లలను ఎత్తుకుని తల్లులు వానలో వచ్చి, ఆమె ఇంటి తాళం చూసి వెనక్కి పోయేవాళ్ళు. వాళ్ళను కళ్ళారా చూస్తూ కూడా, వాగు తగ్గకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. బస్సు హారన్ వినిపించినట్టై అన్నం ముందు నుంచి లేచేదాన్ని. మా అమ్మ నుదురు ముట్టుకుని, “ఏంది బిడ్డా, గట్లున్నవ్? జరమొచ్చిందా?” అని అడిగింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను తల అడ్డంగా ఊపి బయటికి పోయాను.

నాలుగో రోజు వాన తెరిపిచ్చింది. వాగు తగ్గిందని, సాయంత్రానికి బస్సు వస్తుందని పోస్టుమ్యాన్ చెప్పాడు. అక్క వచ్చేలోగా వాళ్ళ నాయన ఫోటోనైనా విడదీయాలని మూల కూర్చుని, గోరు దూర్చి లాగాను. రెండూ చర్రుమని విడిపోయాయి. చూస్తే రాకెట్ ఉంది, పానా ఉంది, చొక్కా ఉంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి కాగితం ఉంది.

అక్క తడి బట్టలు కూడా మార్చుకోకుండా పెట్టె కోసం వచ్చింది. మా ఇల్లు కూడా కారిందని చెప్పాను. ఆమె ఒక ఫోటో తీసి వాసన చూసి, నా ముఖంలోకి చూసింది. వాన తడికి పొగ వాసన ఎందుకొస్తుందని అడగనైనా అడగలేదు. ఒక్కొక్కటే తీస్తూ చినిగిన ఫోటో దగ్గర ఆగింది. చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని ఏడ్చింది. కొడుతుందేమోనని నేను గోడకు అతుక్కుపోయాను. కొట్టినా బాగుండేది. కళ్ళు తుడుచుకుని, ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. పొయ్యి సంగతి, గంప సంగతి, మూడు రోజుల సంగతి, గోరు సంగతి, వాగు తగ్గొద్దని మొక్కింది కూడా వెక్కుతూ చెప్పాను.

అప్పుడు అక్క పెట్టె అడుగున మిగిలిన ఆ ఒక్క ఫోటోను తీసింది. దానిలో రాకెట్ లేదు. ఖాళీ సముద్రం మీద కాస్త పొగ తేలుతుంటుంది, అంతే. అది పైకి పోకుండా నీళ్ళలో పడిపోయిన రాకెట్ అట. ఎగరేసే ముందు రోజే వాళ్ళ నాయనకు ఒక బిగింపు దగ్గర సన్నటి బీట కనిపించింది. పెద్ద పెద్ద ఆఫీసర్ల మధ్య ఫిట్టరు నోరెత్తితే ఏమంటారోనని భయపడి ఊరుకున్నాడు. అది పడిపోయాక వెళ్ళి చెప్పాడు. వాళ్ళు ఆయనను ఉద్యోగంలోంచి తీసేయలేదు, తిట్టనూ లేదు. ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగారు. బతికినన్నాళ్ళూ ఆ ఫోటోను మంచం పక్కనే పెట్టుకున్నాడట.

“అతుక్కున్నయ్యి నీళ్ళలో నానేస్తే వాటంతట అయ్యే ఊడొస్తాయి,” అంది అక్క. “నువ్వు తెలవక పొయ్యి మీద పెట్టావు, దానికి నేనేమీ అనను. మా నాయన మొహం పోయింది మాత్రం నువ్వు దాచినందుకే.”

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు, తక్కువా అనలేదు. పిల్లదాన్ని కదా అని మెత్తగా చెప్పి ఉంటే మర్చిపోయేదాన్నేమో. అంటుకున్న మిగతా ఫోటోలను ఆమె ఆ సాయంత్రమే పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టింది. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. అవి నెమ్మదిగా విడిపోతుంటే చూడలేక చూశాను.

తర్వాత ఆమెతో కలిసి నేనూ ఉత్తరాలు రాశాను, ఆయన కనిపించే ఫోటో ఇంకొకటి ఎవరి దగ్గరైనా ఉందేమోనని. చాలామంది పంపారు. రాకెట్లు వచ్చాయి, పొగలు వచ్చాయి, ఎవరెవరో మనుషులు వచ్చారు, ఆయన రాలేదు. అక్కకు బదిలీ అయినా నాకు ఆ వెతుకులాట అలవాటైపోయింది. ఇప్పుడు నా దగ్గర రెండు పెట్టెల నిండా పాత రాకెట్ల ఫోటోలున్నాయి. ఈ ముసలిదానికి ఇదేం పిచ్చని ఇంట్లోవాళ్ళు ఆటపట్టిస్తారు.

నేనూ నర్సునే అయ్యాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఒక పసిబిడ్డకు మందు రెండింతలు వేశాను. సీసా మారి గాఢమైన మందు పడిందని నాకు వెంటనే తెలిసింది, ఇంకెవరికీ తెలియదు. డాక్టరు కోపిష్టి, నాది కొత్త ఉద్యోగం. కాళ్ళు గడగడా వణికాయి. అయినా వెళ్ళి చెప్పాను. ఆయన నన్ను తిట్టడానికి కూడా ఆగకుండా బిడ్డ దగ్గరికి పరుగెత్తాడు. బిడ్డ బతికింది. భయపడకుండా ఉండటం నాకు ఈ వయసు వరకూ చేతకాలేదు. ఇప్పటికీ పొరపాటు జరిగితే ముందు కాళ్ళే వణుకుతాయి. ఆ కాళ్ళతోనే, చెప్పాల్సిన మనిషి దగ్గరికి నడిచి వెళ్తాను.