రామసుబ్బమ్మ తెల్ల చెయ్యి

హవ్వా టీచర్‌ది సూడాన్. దోహాలో ఆడపిల్లల బడిలో బొమ్మలు నేర్పేది. అల్ దోహా అల్ జదీదా పేటలో మా పై వాటాలో ఉండేది. బడి నుంచి రాగానే నేను ఆమెకు సాయంగా వెళ్లేదాన్ని. ఇంటినిండా ప్లాస్టర్‌తో పోసిన ఆడవాళ్ల చేతులే. గిన్నె తోముతున్నవి, బిడ్డనెత్తుకున్నవి, సుద్దముక్క పట్టుకున్నవి. అన్నీ కాఫీ రంగువే.

"చిన్నప్పుడు నన్ను బొగ్గు అనేవాళ్లు. పదేళ్లు తెల్ల బొమ్మలే చేశాను. ఇక చెయ్యను," అనేది.

1996 మార్చిలో ఆమె చేసిన చేతులు మొదటిసారి ఒక ప్రదర్శనకు ఎంపికయ్యాయి. సాయంత్రం ఐదింటికి వ్యాను వస్తుంది. ఇంకా ఒక్కటి మిగిలింది. అది ఎదురింట్లో పనిచేసే కడప మనిషి, రామసుబ్బమ్మ చెయ్యి.

మూడింటికి అచ్చు విప్పాం. మోచేతి దాకా చెయ్యి, అరచేతిలో కాయలతో సహా, పాలలా తెల్లగా బయటికొచ్చింది.

"అబ్బ! ఇది నాదేనా? మా మేడం సెయ్యి కూడా ఇంత తెల్లగుండదే!" అంది రామసుబ్బమ్మ.

హవ్వా టీచర్ కాఫీ డికాక్షన్‌లో బ్రష్ ముంచింది. రామసుబ్బమ్మ గిన్నె లాగేసుకుంది. వాళ్లిద్దరూ అరబిక్‌లోనే మాట్లాడుకునేవాళ్లు. కోపమొస్తే మాత్రం రామసుబ్బమ్మకు తెలుగే. నేను తర్జుమా చేశాను.

"పుట్టినప్పట్నించి కర్రిదీ కర్రిదీ అనిపించుకుంటి. ఒక్కసారి తెల్లగయితే ఓర్వలేవా అక్కా?"

"తెల్లగా ఉంటే అది నువ్వు కాదు సుబ్బా."

"నా సెయ్యి, నా ఇష్టం."

ఆ మాటకు హవ్వా టీచర్ బ్రష్ కింద పెట్టేసింది. "నిజమే. నువ్వు వద్దంటే రంగెయ్యను. కానీ తెల్లది పంపను."

నాలుగయింది. రామసుబ్బమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, ఉన్నట్టుండి కేకపెట్టింది.

"నా పచ్చబొట్టు యాడ?"

ఆమె ముంజేతి మీద తేలు ఉంది. ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ ఒళ్లో పట్టుకుని, నోట్లో బెల్లంముక్క పెట్టి పొడిపించిన తేలు. ప్లాస్టర్‌కు ఆకారం తెలుసు గాని రంగు తెలియదు.

హవ్వా టీచర్ గబగబా పచ్చరంగుతో గీసింది. తెల్లటి చేతి మీద అది సరుకుకు కొట్టిన ముద్రలా ఉంది. రామసుబ్బమ్మ తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. నల్లటి చర్మంలో తేలు లోపల్నించి పాకి వస్తున్నట్టుంది.

"మాయమ్మ పొడిపించింది ఇట్లుండదు. తుడిచెయ్. కాఫీ పూయండి. యల్లా, కానీండి!"

ముగ్గురం మూడు బ్రష్‌లు పట్టుకున్నాం.

"మోచేతికాడ ఇంకా కర్రిగుంటా! ఇంకా పూయి పాపా, కాఫీకి కరువా!" అని ఆమే గద్దించింది. చివర్న హవ్వా టీచర్ మళ్లీ తేలును గీసింది. ఈసారి అది పాకింది.

కింద వ్యాను హారన్ మోగింది. డ్రైవర్ పైకొచ్చి ఆ ప్లాస్టర్ చేతిని అందుకోబోయాడు. రామసుబ్బమ్మ ఇవ్వలేదు.

"తడి ఆరలే. నా సెయ్యి నేనే పట్టుకుంటా," అని వ్యానెక్కి కూర్చుంది.