మొహమాటపు సంతకాలు

2012 వేసవిలో, షికాగో పక్కన మా తెలుగువాళ్ల పిక్నిక్ ఫొటోల కోసం నేనొక వెబ్‌సైట్ తయారుచేశాను. పేరు నొక్కితే చాలు, కంప్యూటర్ మొహాన్ని గుర్తుపట్టి ఆ మనిషి ఉన్న ఫొటోలన్నీ తెచ్చి ముందు పెడుతుంది. నాలుగు వారాంతాలు దానికే ధారపోశాను. గర్వం నెత్తికెక్కిందంటే అబద్ధం కాదు.

మా ఇల్లినాయ్‌లో ఒక చట్టం ఉంది. మనిషి మొహం కొలతలు తీసుకోవాలంటే ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. నేను చట్టానికి భయపడే మనిషిని. అందుకని పిక్నిక్‌లోనే కాగితాలు పట్టుకుని బల్ల బల్లకీ తిరిగాను. పులిహోర తింటున్నవాళ్లు కూడా ఎడంచేత్తో గీకేశారు. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు.

వెబ్‌సైట్ తెరిచిన మర్నాడే మా వీధిలో ఉండే రిటైర్డ్ డాక్టర్ అంకుల్ ఫోన్ చేశారు. ఆయనకు షుగర్. ఆంటీ ఆయన పేరు నొక్కారట. తొమ్మిది ఫొటోలు వచ్చాయి, ఏడింటిలో ఆయన చేతిలో బొబ్బట్టు.

“నా మొహం డిలీట్ చెయ్యవయ్యా బాబూ! ఇంట్లో చక్కెర డబ్బా కూడా దాచేసింది.”

వెనకనుంచి ఆంటీ కేక వినబడింది. “తీశావంటే ఊరుకోను! ఇంతకన్నా మంచి బ్లడ్ టెస్ట్ ఎక్కడ దొరుకుతుంది?”

“మీరే సైన్ చేశారు కదా అంకుల్” అన్నాను.

“ఎదురుగా నిలబడి, పెన్ను చేతిలో పెట్టి అడిగితే ఎవడు కాదంటాడు? మనది మొహమాటాల జాతి. దానికి మీ చట్టంలో సెక్షన్ ఏదీ?”

సిగ్గేసింది. నేను అడిగిన పద్ధతిలో కాదనే దారే లేదు. పై శనివారం తెలుగు బడి గుమ్మం దగ్గర ఒక షూ బాక్స్‌కి చిల్లు పెట్టి ఉంచాను. పేరు రాసి, పక్కన ‘సరే’ అనో ‘వద్దు’ అనో రాసి వెయ్యమని మెయిల్ పంపాను. నేను మాత్రం ఆ ఛాయలకు వెళ్లలేదు.

డబ్బా ఇంటికి తెచ్చి విప్పితే సగానికి పైగా ‘వద్దు’లే. ఆంటీ చీటీలో “నాది వద్దు. ఆయనది ఉంచు” అని ఉంది. పడీపడీ నవ్వాను. అడుగున ఉన్న చీటీ తీసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ‘వద్దు.’ దస్తూరీ మా ఆవిడది.

“నాతో చెప్పొచ్చుగా?” అన్నాను.

“అంత ముచ్చటపడి చేశావు. నీ మొహం చూశాక ఎలా చెప్పను?”

ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పూటే మొహాలన్నీ తీసేశాను, మొదట ఆవిడది. అంకుల్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆంటీకి చెప్పడానికి మాత్రం మొహమాటం అడ్డొచ్చింది.