సభ మూతపడ్డా సంతకాలు ఆపని ఆంటీ

మా ఆంటీ పోయి రెండు నెలలైంది. ఆ రోజు పొద్దున కెనడాలోని గ్వెల్ఫ్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే అంకుల్ ఫోన్ చేశారు. "అమ్మా, మీ ఆంటీ లేదమ్మా" అన్నారు. తర్వాత ఏం చెప్పాలో తెలియక, "డ్రైవింగ్‌లో ఉన్నావా? మెల్లగా వెళ్ళు" అన్నారు. నేను షిఫ్టుకి వెళ్ళలేదు, కారులోనే కూర్చుండిపోయాను. ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపమే ఎక్కువగా ఉంది. పోయినవాళ్ళ గురించి ప్రశాంతంగా రాయాలంటారు. అది నావల్ల కాకపోతే మన్నించండి.

ఆంటీ నాకు చుట్టం కాదు. బ్రాంప్టన్‌లో మేము అద్దెకున్న బేస్‌మెంట్ ఓనరు. నేను కరీంనగర్ నుంచి, నా రూమ్మేట్ కర్నూలు నుంచి ఒకే కాలేజీలో చేరాం. ఆ ఏడాది విమానం నిండా మాలాంటివాళ్ళే. కాలేజీకి వెళ్ళే బస్సులో నిలబడ్డానికి చోటు దొరికేది కాదు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఏడెనిమిది మందిని పెట్టేవాళ్ళు. ఆంటీ మాత్రం ఇద్దరికే ఇచ్చారు. "మూడో పరుపు వేస్తే గాలాడదు. ఒకళ్ళకి జ్వరమొస్తే అందరికీ వస్తుంది" అన్నారు. అలా మాట్లాడటం ఆవిడకి వృత్తి నేర్పిన అలవాటు. నెల్లూరు వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేశారు. ఇక్కడికొచ్చాక ఆ చదువు చెల్లలేదు. ముసలివాళ్ళ హోంలో స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్కలు మార్చడం, ఇదే పని ఇరవై ఏళ్ళు.

ఆంటీ ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆవిడ వేళ్ళు వాటంతట అవే మణికట్టు మీదికి పోయేవి. పప్పు గిన్నె అందిస్తూ కూడా మా నాడి చూసేవారు. కళ్ళు గోడ గడియారం మీద ఉండేవి. "పరిగెత్తుకొచ్చావా? కాఫీ ఎక్కువైందా?" అని అడిగేవారు. పళ్ళెంలో అన్నం వదిలితే తిట్టేవారు, బాత్రూంలో వెంట్రుకలు వదిలితే ఇంకా గట్టిగా తిట్టేవారు. తలుపు దబాలున వేస్తే పైనుంచి కాలితో నేల మీద రెండుసార్లు తన్నేవారు. మంచావిడే కానీ మెత్తనావిడ కాదు.

మా కోర్సు అయిపోయిన నెలలో ఇది జరిగింది. కాలేజీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కోర్సుతోపాటే అయిపోయింది. వర్క్ పర్మిట్‌కి అప్లై చేశాం, ఇంకా రాలేదు. అదొచ్చి, ఫుల్ టైమ్ ఉద్యోగం దొరికితే తప్ప ప్రభుత్వం హెల్త్ కార్డు ఇవ్వదు. ఆ మధ్యకాలంలో మాకు జబ్బు చేయకూడదు, అంతే. నా రూమ్మేట్‌కి కడుపునొప్పి మొదలైంది. ఆసుపత్రికి వెళ్తే ఎంత బిల్లు వేస్తారో అని భయపడి రెండు రోజులు మాత్రలు మింగుతూ పడుకుంది. నన్ను కూడా ఎవరికీ చెప్పొద్దంది. నేనూ చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం బట్టలు ఉతకడానికి కిందికి దిగిన ఆంటీ దాని మూలుగు విన్నారు. పొట్ట మీద ఒక్కసారి నొక్కి చూసి, నావైపు తిరిగి, "నీకు బుద్ధుందా?" అన్నారు. అంతే, ఇద్దరినీ కారెక్కించారు. అప్పటికే అపెండిక్స్ పగిలిపోయింది. బతికింది గానీ మూడు వారాలు మంచం మీదే ఉంది. బిల్లు వచ్చిన రోజు అది తల్లిదండ్రులకి చెప్పలేక దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఆంటీ ఆ కాగితాన్ని మా కిచెన్ బల్ల మీద పెట్టి చాలాసేపు చూశారు. "జబ్బు వీసా చూసి వస్తుందా?" అన్నారు. తర్వాత ఆవిడ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

మర్నాడే మా ఏరియా ప్రతినిధి ఆఫీసుకి వెళ్ళారు. రాష్ట్ర సభలో మా తరఫున కూర్చునే మనిషిని ఇక్కడ ఎంపీపీ అంటారు. ఆంటీకి ఆ పేరు వింటేనే నవ్వు. "మా ఊళ్ళో ఎంపీపీ అంటే మండల ప్రెసిడెంటు. వెళ్తే కుర్చీ అయినా వేసేవాడు. ఇక్కడ ఈమెయిల్ పెట్టమంటున్నారే" అన్నారు. ఆఫీసులో అమ్మాయి ఒక దారి చెప్పింది. సభకి అర్జీ పెట్టుకోవచ్చు. పెన్నుతో పెట్టిన సంతకాలు కావాలి. ఎవరో ఒక సభ్యుడు దాన్ని సభలో చదవాలి. ఆంటీ అడిగింది పెద్ద కోరికేం కాదు. చదువు అయిపోయి కార్డు రాని ఆ మధ్యకాలంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం చూసుకోవాలి. అంతే.

సెలవు దొరికిన ప్రతి గురువారం అట్ట, కాగితాలు పట్టుకుని బయల్దేరేవారు. కాలేజీ బస్టాపు, గుడి, గురుద్వారా, ఇండియన్ సరుకుల కొట్టు గుమ్మం, అన్నీ తిరిగేవారు. చలికి పెన్నులు రాసేవి కావని నాలుగు పెన్నులు కోటు లోపలి జేబులో వెచ్చగా పెట్టుకుని, ఒకటి మొరాయిస్తే ఇంకోటి తీసేవారు. చదవకుండా సంతకం పెట్టబోతే అట్ట వెనక్కి లాక్కునేవారు. "చదివి పెట్టు. నా మొహం చూసి పెట్టే సంతకం నాకొద్దు."

నేను సంతకం పెట్టలేదు. ఇది రాయడం సిగ్గుగా ఉంది, కానీ దాచను. రేపు పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేసినప్పుడు ప్రభుత్వం మీద అర్జీ పెట్టానని ఎవరైనా పట్టుకుంటారేమోనని భయం. ఆంటీ బలవంతం చేయలేదు. "భయం పోయాక పెట్టు, కాగితం ఎక్కడికీ పోదు" అన్నారు.

ఆ ఉగాదికి ఒక స్కూలు జిమ్‌లో, అంటే పిల్లలాడుకునే పెద్ద హాల్లో, తెలుగువాళ్ళ సభ జరిగింది. ప్రతినిధిగారు వచ్చారు. శాలువా కప్పించుకుని 'నమస్కారం' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆంటీ లేచి మైకు అడిగి, తనకొచ్చిన ఇంగ్లీషులో నా రూమ్మేట్ సంగతంతా చెప్పారు. ఆయన ముఖం నిజంగానే బాధగా పెట్టారు. "ఖర్చుకి భయపడి ఎవరూ ఆసుపత్రికి ఆలస్యంగా రాకూడదు. మీ కాగితాలు నాకివ్వండి, సభలో నేనే చదువుతాను" అన్నారు. అప్పుడు కొట్టిన చప్పట్లు ఇంకా పెద్దవి. కాగితాలిస్తూ ఆంటీ ఆయన చెయ్యి పట్టుకున్నారు, వేళ్ళు అలవాటు కొద్దీ మణికట్టు మీదికి పోయాయి. "సార్, కొంచెం నడవాలి మీరు" అన్నారు. ఆయన కూడా నవ్వారు.

అక్కణ్ణుంచి ఎదురుచూడటమే మిగిలింది. ఇవాళ అజెండా నిండిపోయిందన్నారు, వచ్చే వారం అన్నారు. ఆ వచ్చే వారానికి సభ వేసవి సెలవులకి మూసేశారు. ఆ సెలవుల్ని పొడిగించారు. తెరిచారు, కొన్ని వారాలు నడిపారు, మళ్ళీ మూశారు. ఆ రోజుల్లో టీవీ పెడితే అమెరికా ప్రభుత్వం మూతపడుతుందా లేదా అని ఒకటే చర్చ. ఆంటీ కూర తరుగుతూ అది చూసి మండిపడేవారు. "వాళ్ళది మూతపడితే లోకమంతా గోల. జీతాలాగుతాయి, ఆఫీసులకి తాళాలు పడతాయి, అందరికీ తెలుస్తుంది. ఇక్కడ సభ నెలల తరబడి మూసేసినా చీమ కుట్టినట్టయినా ఉండదు. జీతాలొస్తూనే ఉంటాయి, అడిగేవాడే ఉండడు. దీన్ని మూత అనరట, సెలవులట!"

ఈలోగా గాలి మారింది. అద్దెలు పెరిగినా, ఆసుపత్రి ఎమర్జెన్సీలో జనం గంటలు గంటలు కూర్చున్నా, అన్నిటికీ కారణం స్టూడెంట్లేనని బస్సుల్లో, సెల్ ఫోన్లలో మాటలు మొదలయ్యాయి. ఒకరోజు రేడియోలో మా ప్రతినిధి గొంతు వినబడింది. ఆసుపత్రుల మీద భారం తగ్గాలంటే తాత్కాలికంగా వచ్చినవాళ్ళ ఖర్చు మనం మోయలేమన్నారు. ముందు మనవాళ్ళు అన్నారు. జిమ్‌లో ఆయన అన్న మాట నా ఫోన్‌లో వీడియోగా ఇంకా ఉంది.

ఆంటీ పైనుంచే నాకు ఫోన్ చేశారు. "రేపు నాతో రా. కోపమొస్తే నాకు ఇంగ్లీషు రాదు, పక్కనుండు."

ఆయన ఆఫీసు ఒక ప్లాజాలో పిజ్జా కొట్టు పక్కన ఉంటుంది. ఆ రోజు ఆయనే ఉన్నారు, కూర్చోమన్నారు. నన్ను తీసుకెళ్ళిన అవసరమే రాలేదు, ఆంటీ ఇంగ్లీషు ఒక్కచోట కూడా తడబడలేదు.

"పరిస్థితి మారింది మేడమ్" అన్నారాయన. "జనం కోపంగా ఉన్నారు. ఎమర్జెన్సీలో పొద్దున్నించి సాయంత్రందాకా కూర్చుంటున్నారు. వాళ్ళకేం చెప్పమంటారు?"

"డాక్టర్లు చాలట్లేదని చెప్పండి. డాక్టర్లని ఈ పిల్లలేమైనా ఎత్తుకెళ్ళారా? మా హోంలో మీ అమ్మగారి వయసువాళ్ళకి డైపర్లు మార్చేది ఎవరనుకున్నారు? ఈ పిల్లలే."

"నేను కాదనట్లేదు. మనసులో నేను మీ వైపే."

"మీ మనసుతో నాకు పనిలేదు సార్. నోటితో చదవండి."

ఆయన కాసేపు పెన్ను తిప్పారు. "ఇప్పుడు సభ జరగట్లేదు కదా. తెరిచాక చూద్దాం."

"తెరిచినప్పుడు టైం లేదంటారు. టైం ఉన్నప్పుడు మూసేస్తారు. నా కాగితాలు నాకిచ్చేయండి."

అవి సొరుగులోనే ఉన్నాయి. ఆంటీ ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లో, వేసిన ముడి వేసినట్టే ఉన్నాయి. ఆయన విప్పనైనా విప్పలేదు. కారెక్కాక ఆంటీ ఏడుస్తారనుకున్నాను. ముడి విప్పి కాగితాలన్నీ సరిచూసుకుని, "ఒక్కటీ పోలేదు" అన్నారు. మళ్ళీ గురువారం బస్టాపులో నిలబడ్డారు. ఈసారి కొందరు తిట్టారు కూడా. ఒకాయన 'మీ దేశానికి వెళ్ళు' అన్నాడట. "ఇరవై ఏళ్ళుగా మీ అమ్మానాన్నలకి స్నానాలు చేయిస్తున్నాను, ఎక్కడికి వెళ్ళమంటావు?" అన్నారట ఆంటీ.

నాకు గ్వెల్ఫ్‌లో ఉద్యోగం వచ్చింది, కార్డూ వచ్చింది. రూమ్మేట్ దేశానికి ఆ చివరున్న సర్రీ అనే ఊరికి వెళ్ళిపోయింది. నేను రెండు మూడు వారాలకోసారి ఆంటీని చూడ్డానికి వచ్చేదాన్ని. ఒకసారి వస్తే గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. నడుం నొప్పన్నారు, ఆకలి లేదన్నారు. ఆవిడ ఫ్యామిలీ డాక్టర్ రిటైరై క్లినిక్ మూసేశాడు, ఇంకో డాక్టర్ దొరకలేదు. ఎదురుచూసేవాళ్ళ లిస్టులో పేరు రాయించుకున్నారు. అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాకిన్ క్లినిక్‌లో నొప్పి మాత్రలిచ్చారు, స్కానింగ్‌కి నెలల తర్వాతి తేదీ ఇచ్చారు. ఏ కార్డు లేని మాకోసం ఊరంతా తిరిగారో, ఆ కార్డు ఆవిడ పర్సులోనే ఉంది. కార్డు ఉంది, చూసే డాక్టరు లేడు.

"ఎమర్జెన్సీకి పదండి ఆంటీ, నేను తీసుకెళ్తాను" అని పోట్లాడాను.

"నాకంటే ముందు కూర్చున్నవాళ్ళు లేరా? నా వంతు వస్తుందిలే."

"ఇదే నా రూమ్మేట్ చేస్తే మీరు తిట్టారు కదా!"

ఆవిడ నవ్వేసి చపాతీ పిండి కలపడానికి లేచారు. నర్సు కదా, తెలియదా? తెలిసే ఊరుకున్నారని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు చెయ్యి పట్టుకుని కారెక్కించనందుకు నా మీద నాకెంత కోపమో, మాట వినని ఆవిడ మీదా అంతే. రెండు రోజులు నొప్పి దాచిన పిల్లని క్షమించలేదు, తన నొప్పి మాత్రం నెలలు దాచుకున్నారు.

చివరికి వంటగదిలో పడిపోతే అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. కడుపులో గడ్డ అప్పటికే పాకిపోయిందన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వార్డులో ఆవిడ పక్కన కూర్చుని, "ఆంటీ, ఆ కాగితాలెక్కడున్నాయి? నేను సంతకం పెడతాను" అన్నాను.

"చదివావా?"

"బట్టీ వచ్చేసింది ఆంటీ."

"అయినా చదువు."

అంకుల్ ఇంటికెళ్ళి తెచ్చారు. నేను పైకి చదివాను. పక్క మంచం మీది పెద్దావిడ కూడా వింది. ఆంటీ కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ ఒక చోట నేను మాట మింగితే, "ఆ లైను మళ్ళీ" అన్నారు. సంతకం పెట్టాను. ఆ తర్వాత తొమ్మిది రోజులే ఉన్నారు.

అంత్యక్రియలకి ప్రతినిధిగారు వచ్చారు. అంకుల్ చేతులు రెండూ పట్టుకుని, ఆవిడ పోరాటం మనందరికీ స్ఫూర్తి అన్నారు. వెంట వచ్చినతను ఫొటో తీశాడు. ఆంటీని ఆఖరిసారి చూసుకునే చోట నోరు జారకూడదని నేను బయటికి వెళ్ళిపోయాను. మంచులో నిలబడి చాలాసేపు తిట్టుకున్నాను.

వేరే ఏరియా సభ్యురాలొకామె కాగితాలు తీసుకుంటానన్నారు. సభ తెరవగానే, పోయిన వారం, నేనూ అంకులూ ఆ సభ ఉండే టొరంటో వెళ్ళాం. జీవితమంతా ట్రక్కు నడిపిన అంకుల్ ఇలాంటి చోటికి రావడం ఇదే మొదటిసారి. పైన గ్యాలరీలో కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు అన్నారు. కింద సగం కుర్చీలు ఖాళీ. మా ప్రతినిధి ఉన్నారు, ఫోన్ చూసుకుంటున్నారు. ఇవాళ చదివినంత మాత్రాన ఏదీ మారదని నాకు తెలుసు. ప్రభుత్వం నుంచి నాలుగు ముక్కల ఉత్తరమొకటి వస్తుందట, పరిశీలిస్తున్నామని.

ఆ సభ్యురాలు లేచి చదవడం మొదలుపెట్టారు. అంకుల్ లేచి నిలబడ్డారు. గార్డు వచ్చి, "సార్, దయచేసి కూర్చోండి" అన్నాడు. అంకుల్ కిందికి చూస్తూనే, "ఒక్క నిమిషం. అది మా ఆవిడది" అన్నారు. గార్డు ఏమనుకున్నాడో, వెనక్కి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు, చదవడం అయిపోయింది. తర్వాత ఇంకో సభ్యుడు లేచి ఏదో రోడ్డు వెడల్పు గురించి చదవసాగాడు. అంకుల్ ఇంకా నిలబడే ఉన్నారు, రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని.