దేశానికి మూడే చోట్లు

మంచు మీద జారే ఆటొకటి ఉందని జెద్దా వెళ్ళేదాకా నాకు తెలియదు. మాది కోనసీమ. మా ఆయన పోయాక కొబ్బరి పీచు నానబెట్టి, తాళ్ళు పేనుకుని బతికినదాన్ని. రెండో తరగతితో బడి మానేసిన మనిషిని. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఎడారి దేశంలో, ఒక పెద్ద మాల్ లోపల, మంచు గచ్చు పక్కన కూర్చోబెట్టారు. ఆ గచ్చు ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే. మగవాళ్ళు గుమ్మం దాటి రాకూడదు. బయట కాళ్ళు కాలిపోతుంటే లోపల నేను రెండు స్వెట్టర్లు వేసుకుని వణికేదాన్ని.

నా పని బూట్లు. అడుగున కత్తిలాంటి ఇనుప బద్ద ఉండే బూట్లు. పాదం చూసి కొలత ఇవ్వాలి, తాళ్ళు బిగించాలి, తిరిగి ఇచ్చాక బద్ద మీద తడి లేకుండా తుడవాలి. చూసేవాళ్ళకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. కాని తాడు బిగించడం అందరికీ రాదు. వేళ్ళ దగ్గర వదులుగా ఉండాలి, పాదం మీంచి చీలమండకి ఎక్కే ఒంపులో బిగువు పడాలి, పైన మళ్ళీ కాస్త వదలాలి. ఒంపులో బిగువు లేకపోతే కాలు పక్కకి ఒరుగుతుంది. ఎక్కువైతే పది నిమిషాల్లో పాదం తిమ్మిరెక్కుతుంది. పీచు పేనిన చేతులు కాబట్టి నాకది నెల తిరక్కుండా వచ్చేసింది. అదే బల్ల మీద తొమ్మిదేళ్ళు కూర్చున్నాను.

తొమ్మిదో ఏడు నా ప్రాణం మీదికొచ్చింది. నితాకత్ అని ఒక లెక్క. కంపెనీలో ఇంతమంది పరాయివాళ్ళుంటే ఇంతమంది సౌదీలుండాలి. సరిపోతే ఆ కంపెనీ పచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. మాది పసుపులో పడింది. దానికి తోడు పరాయివాళ్ళ తలకి ఇంత అని కొత్త పన్ను. పసుపులో ఉన్నన్నాళ్ళూ పాతవాళ్ళ ఇకామా గడువు పొడిగించడం కష్టమని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. ఇకామా అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు. నాది ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. అది పోతే ఊరికి వెళ్ళిపోవడమే. ఊళ్ళో నాకంటూ మిగిలింది మా మరిది ఇంటి వసారా. తొమ్మిదేళ్ళు నా అన్నం నేను తిన్నాక, ఆ వసారాలో కూర్చుని ఎవరైనా పిలిచి పెడతారా అని ఎదురుచూడటం నావల్ల కాదు.

లెక్క సరిచెయ్యడానికి మేనేజరు సౌదీ ఆడపిల్లల్ని తెచ్చి నా బల్ల దగ్గర పెట్టడం మొదలుపెట్టాడు. మొదట వచ్చిన పిల్ల చలికి పది రోజుల్లో మానేసింది. రెండో పిల్ల పరాయివాళ్ళ కాళ్ళు పట్టుకోవడమేంటని ఏడ్చి వెళ్ళిపోయింది. మూడో పిల్ల ఇరవయ్యేళ్ళది. నవ్వు మొహం. నన్ను ఖాలా అని పిలిచేది, పిన్నీ అన్నట్టు. "ఈమెకి నీ పనంతా నేర్పు," అన్నాడు మేనేజరు.

నేర్పితే నేనెందుకు? అదే నా మనసులో మాట. అందుకని ఒంపులో బిగువు ఎలా పడాలో చెప్పలేదు. మిగతావన్నీ చెప్పాను. ఆ పిల్ల కట్టిన బూట్లు వేసుకున్న పిల్లలు బొబ్బలెక్కి ఏడుస్తూ తిరిగొచ్చేవాళ్ళు. నేను విప్పి మళ్ళీ కట్టేదాన్ని. తల్లులు నాకు దండం పెట్టినంత పని చేసేవాళ్ళు. ఆ పిల్ల మొహం ఎర్రబడేది. చూసి లోలోపల సంతోషపడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మంచు మీద పాఠాలు చెప్పే టీచరు ఒక రష్యా అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళు. బక్కపలచటి మనిషి. వంగితే ఒక చెయ్యి నడుం మీద పెట్టుకునే లేచేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు గాని తన బూట్లు మాత్రం నా చేతే కట్టించుకునేది. నాకూ ఆమెకీ మధ్య నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నాలుగు అరబ్బీ ముక్కలు, మిగిలినవన్నీ చేతి సైగలు. మా బిల్డింగులో పక్క గదిలో ఉండే నర్సు పిల్ల సెలవు రోజున నన్ను చూడటానికి వచ్చేది. బాపట్ల వైపు పిల్ల, ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ పిల్ల ఉన్న రోజే మాకు నిండా మాటలు దొరికేవి. ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆ పిల్లే.

అలాంటి ఒక సెలవు రోజు మధ్యాహ్నం, నమాజుకి గేటు మూసిన వేళ, రష్యా అమ్మాయి తన ఫోనులో పోటీ పెట్టింది. మేం ముగ్గురం బల్ల మీద తలలు కలిపి చూశాం. మంచు మీద ఒక్కొక్కరే ఆడపిల్లలు వస్తున్నారు. గాల్లోకి లేచి బొంగరంలా తిరిగి ఒంటికాలి మీద దిగుతున్నారు. నాకు గుండె ఆగినంత పనైంది.

"ఈ పిల్లకి ఎన్నేళ్ళు?" అని అడిగాను.

నర్సు పిల్ల కనుక్కుని చెప్పింది. "పదిహేనంట పిన్నీ. దాని వెనకొచ్చేదానికి పదహారు. అదిగో ఆ నీలం గౌను పిల్లకి ఇరవై ఒకటంట. దాన్ని వాళ్ళు అమ్మమ్మ అంటారంట."

"ఇరవయ్యొక్కేళ్ళకి అమ్మమ్మేంటే? పిచ్చా?"

"నాకేం తెలుసు, ఈవిడే చెబుతుంది. మా హాస్పిటల్లో ఆ వయసుదానికి సూది కూడా చేతికివ్వం."

రష్యా అమ్మాయి నవ్వలేదు. ఫోను ఆపి చెప్పడం మొదలుపెట్టింది. నర్సు పిల్ల ముక్క ముక్కా తెలుగులో పెట్టింది. నాలుగేళ్ళకే బూట్లు తొడుగుతారంట. పన్నెండు, పదమూడేళ్ళకి గాల్లో మూడు చుట్లు, కొందరు నాలుగు. అప్పుడు ఒళ్ళు పుల్లలా ఉంటుంది కాబట్టి తిరుగుతుంది. ఏడాదిలో నడుం విచ్చుకుంటుంది, ఎత్తు పెరుగుతుంది, అదే చుట్టు తిరగదు. అన్నం తగ్గించుకుంటారు, తూకం చూసుకుంటారు. మరీ చిన్నపిల్లలకి బయటి దేశాల పెద్ద పోటీలకి వెళ్ళే వయసుండదు. కాని సొంత దేశం పోటీలో వాళ్ళే పైన ఉంటారు, పెద్దవాళ్ళు కింద ఉంటారు.

"వేరే దేశాలవాళ్ళతో పోటీ కాదంట పిన్నీ భయం. ఎంత పెద్ద పోటీ అయినా దేశానికి మూడే చోట్లంట. గెలవగలిగినవాళ్ళు వీళ్ళ దేశంలోనే పది మంది ఉంటారంట. ఇంట్లో గెలిస్తేనే బయటికి."

 మూడే చోట్లంటే నాకు బాగా అర్థమైంది.

"ఈవిడెప్పుడు మానేసిందో అడుగు."

"పందొమ్మిదికి. నడుంలో ఎముక చిట్లిందంట."

రష్యా అమ్మాయి ఇంకో మాట చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మా మొహాలు చూడలేదు, తన బూటు తాడు చూసుకుంటూ చెప్పింది. చివరి ఏడు ఆమె దగ్గరికి ఒక పదిహేనేళ్ళ పిల్ల వచ్చి, నేను దిగేటప్పుడు ఎందుకు పడిపోతున్నాను అక్కా అని అడిగిందంట. ఎందుకు పడుతుందో ఈమెకి తెలుసు. ఎడమ భుజం ముందే తెరుచుకుపోతోంది. తెలిసీ తెలియదని చెప్పింది. వారం తిరక్కుండా ఆ పిల్ల తనంతట తనే పట్టుకుంది. ఆ ఏడు ఆ పిల్లకి చోటు దొరికింది, ఈమెకి దొరకలేదు.

"దాచినా ఒక్క వారమే ఆగింది అంటుంది పిన్నీ. చోటు ఎలాగూ పోయేదే, కాని ఆ పిల్లకి అబద్ధం చెప్పానన్నది మాత్రం నాతోనే ఉండిపోయింది అంటుంది."

 సౌదీ పిల్ల ఆ పక్కనే కూర్చుని బద్దలు తుడుస్తోంది. ఆ పిల్లకి మా మాటలు తెలియవు.

నమాజయ్యాక గేటు తీశారు. మొదట వచ్చిన చంటిదాన్ని బల్ల ఎక్కించాను. సౌదీ పిల్లని పిలిచి దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని ఆ ఒంపు మీద పెట్టాను. ఇక్కడ బొటనవేలితో తాడు నొక్కి పట్టు, రెండో చేత్తో ఇటు లాగు, వదలకుండా పైకెక్కించు అని చూపించాను. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి పడింది. చంటిది మంచు మీదికెళ్ళి గంట తిరిగింది, ఏడవలేదు. సౌదీ పిల్ల నన్ను గట్టిగా కావలించుకుంది.

"ఖాలా, ఇన్నాళ్ళూ ఇది ఎందుకు చెప్పలేదు?" అంది.

"మర్చిపోయాను," అన్నాను. ఏం చెప్పను మరి.

రెండు నెలలు గడిచేసరికి ఆ పిల్ల నాకంటే వేగంగా కట్టడం మొదలుపెట్టింది. వేళ్ళు లేతవి కదా. దాని స్నేహితురాలిని కూడా తెచ్చి పనిలో చేర్పించింది. ఇద్దరు సౌదీ పిల్లలు, నేనొక ముసలిదాన్ని. ఇక నా సంగతి తేలిపోయిందనుకున్నాను.

ఒక మంగళవారం ఆఫీసు నుంచి ఫోను. కాగితాల పని చూసే మందూబు. మామూలుగానే కోడిపుంజు గొంతు అతనిది. "ఇకామా ఖలాస్. బుక్రా తాల్ మక్తబ్," అని పెట్టేశాడు. బుక్రా అంటే రేపు, తాల్ అంటే రా, మక్తబ్ అంటే ఆఫీసు. ఇక ఖలాస్ అంటే నాకు ఒకరు చెప్పాలా? మా వైపు ఖలాసంటే మనిషి పోయాడని. 

గదికొచ్చి పెట్టె సర్దడం మొదలుపెట్టాను. నర్సు పిల్ల డ్యూటీ నుంచి వచ్చేసరికి కుక్కరు, కంబళి, ఆవకాయ సీసా దాని మంచం మీద పెట్టి ఉంచాను.

"ఏంటి పిన్నీ ఇది? సంతా?"

"నీకేనే. నేనింక ఎల్లిపోతున్నాను. ఇకామా ఖలాసంట."

"ఏ ఖలాసు?"

"ఏ ఖలాసేంటే, ఎన్ని ఖలాసులుంటాయి?"

"అదికాదు పిన్నీ, మా వార్డులో రక్తం తీసినా ఖలాసే, బిల్లు కట్టినా ఖలాసే, మనిషి చచ్చినా ఖలాసే. గడువు తీరిపోయిందన్నాడా, పని పూర్తయిందన్నాడా? అడగలేదా నువ్వు?"

"అడగడానికేముందే? ఎల్లిపొమ్మన్నోడిని ఎందుకెల్లమన్నావని అడుగుతారా?"

"తొమ్మిదేళ్ళ నుంచి ఉన్నావు, ఆ ఒక్క మాట నేర్చుకోలేదు! సరే, ఆవకాయ నేనుంచుకుంటా. కుక్కరు తీసుకుపో, నాకు రెండున్నాయి."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. మందూబు సొరుగు తెరిచి ఒక కార్డు బల్ల మీద విసిరాడు. నా ఫొటో ఉంది. కొత్త కార్డు. నాకు తేదీ చదవడం రాదు. "ఇది ఎన్నాళ్ళు?" అని వేళ్ళతో అడిగాను. "సనా," అన్నాడు. ఏడాది. "ఖలాస్ అని నిన్న చెప్పాను కదా," అని విసుక్కున్నాడు. ఆ విసుగు నాకు ఎంత తీపిగా ఉందో చెప్పలేను. కుర్చీ లేకపోతే నేల మీదే కూర్చున్నాను. కళ్ళమ్మట నీళ్ళు ధారలు కడుతుంటే మందూబు గాభరాపడి టీ తెప్పించాడు.

ఎలా జరిగిందని మేనేజరుని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. ఆ ఇద్దరు పిల్లలూ నిలబడ్డారు కాబట్టి లెక్క సరిపోయిందట, కంపెనీ పచ్చలోకి వచ్చిందట. పచ్చలోకి వచ్చిన వారానికే నా కాగితం కదిలిందట. "పాత ఇద్దరిలాగా వీళ్ళూ పారిపోయుంటే నిన్ను ఉంచలేకపోయేవాడిని," అన్నాడు. ఏ పిల్లని చూసి నా చోటు లాక్కుంటుందని ఏడ్చానో, ఆ పిల్ల పేరు పుస్తకంలో ఉండబట్టే నా పేరు ఉందన్నమాట. తొమ్మిదేళ్ళలో ఎవరూ నాకిలా విడమర్చి చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు రష్యా అమ్మాయికి కార్డు చూపించాను. రెండు చేతులతో పట్టుకుని చూసింది. తేదీ మీద వేలు పెట్టి, "ఏడాది! మా ఆటలో ఏడాది అంటే చాలా పెద్దది," అని సైగలతో చెప్పి మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. ఆడపిల్లలు పెద్ద పోటీలకి వెళ్ళే వయసు పెంచారని తర్వాతెప్పుడో నర్సు పిల్ల ఫోనులో చూసి చెప్పింది. మంచి పని చేశారు అనుకున్నాను.

ఇక ఆ రోజు నుంచి నాకు కొత్త దిగులు మొదలైంది. సౌదీ పిల్లకి తుమ్ము వచ్చినా నాకు భయమే. చలి తగలకుండా నా స్వెట్టరు ఒకటి దానికిచ్చాను. బరువు బూట్ల పెట్టెలు ఎత్తనిచ్చేదాన్ని కాదు. నర్సు పిల్ల ఒకటే వేళాకోళం: "కోడలిని కూడా ఇలా చూడరు పిన్నీ!"

అంతలో సౌదీ పిల్లకి పెళ్ళి కుదిరింది. పదిహేను రోజులు సెలవు పెట్టింది. నాకు అన్నం సయించలేదు. అత్తారింట్లో వద్దంటే? మొగుడు ఇష్టపడకపోతే? వెళ్ళేముందు సిగ్గు విడిచి అడిగేశాను. "నీ మొగుడు పనికి పంపిస్తాడా?"

"ఎందుకు పంపడు ఖాలా?" అంది, నా భయం దానికేం తెలుసు.

ఆ పదిహేను రోజులూ దాని స్నేహితురాలూ నేనూ కలిసి బూట్లు కట్టాం. ప్రతి పొద్దునా గేటు వైపే చూసేదాన్ని. పదహారో రోజు నల్ల అబాయాలో ఎవరో తొందర తొందరగా వచ్చారు. మొహం మీద ముసుగు తీసేదాకా గుర్తుపట్టలేదు. చేతుల నిండా మోచేతుల దాకా గోరింటాకు. ఆలస్యమైందని గొణుక్కుంటూ బల్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని తాడు అందుకుంది.

నేను పక్కకి జరిగి దానికి చోటిచ్చాను.