ఉల్లి మడిలో రెండో షిఫ్టు

పిల్లలూ, మీ తాత ఉల్లి పండించేవాడట కదా అని మొన్న ఫోన్లో అడిగారు. నిజమే. కాకపోతే షిఫ్టు ప్రకారం పండించాడు.

ఆయన గనిలో పంపు ఖలాసీ. మా వైపు గనిని బాయి అంటారు. అందులో ఊరే నీళ్లను పంపు నడిపి పైకి తోడించడం ఆయన పని. తర్వాతి షిఫ్టుకు వచ్చి ఆయన చేతినుంచి పంపు అందుకునే మనిషిని రిలీవర్ అంటారు. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు రిటైరయ్యాడు. కమాన్‌పూర్ దగ్గర మా అమ్మ నాకిచ్చిన చేను ఉంది, బోరు కూడా ఉంది. ఉల్లి వేద్దామన్నాను.

"ఒక్క పంట సూస్త. ఎల్లకుంటే కౌలుకిచ్చుడే" అన్నాడు.

కౌలుకు తీసుకోవాలని పక్క చేను ఆయన ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. ఒకసారి చెయ్యి మారితే మా అమ్మ భూమి మళ్లీ నా చేతికి రాదని నా భయం.

ఉల్లి ఆకు సన్నం. నేలకు నీడ పట్టదు. అందుకని మడిలో ఖాళీ అంతా తుంగదే. తుంగను మట్టిలోని గడ్డతో సహా తియ్యాలి. అది మీ తాతకు చెప్పనక్కర్లేదు, భూమి లోపలి సంగతులు ఆయనకు బాగా తెలుసు. ఓపికగా తవ్వి తీసేవాడు. మధ్యాహ్నం గని సైరన్ మోగగానే పీకిన తుంగను మడిలోనే కుప్పపెట్టి, కొడవలి కడుక్కుని ఇంటికొచ్చేసేవాడు.

"ఆ కుప్పలెవరు ఎత్తిపోస్తరు?" అని అడిగాను.

"అది రెండో షిఫ్టోళ్ల పని."

"రెండో షిఫ్టుల ఎవరున్నరు?"

పేపరు తిప్పాడు. అంటే నేనేనన్నమాట.

ఒక వారం నాకు జ్వరం వచ్చి రెండో షిఫ్టు నడవలేదు. లేచి వెళ్లేసరికి, మడి తడికి కుప్పలన్నీ వేళ్లూనుకుని పచ్చగా నిలబడ్డాయి. గట్టు మీద పక్క చేను ఆయన.

"అక్కా, బావ తుంగను గుడ మంచిగ నాటు పెట్టిండు. ఇగ నాకిచ్చెయ్యరాదు?"

ఇంటికొచ్చి మీ తాతకు చాయ్ ఇచ్చాను.

"రిలీవర్ రాకముందే పంపు ఇడిచిపెట్టి ఎన్నడన్న పైకొచ్చినవా?"

"ఎట్లొస్త? బాయి మునుగదా?"

"మరి చేన్లకు రిలీవర్ వచ్చిండా?"

చాయ్ తాగాడు. సైకిల్ తీశాడు.

అప్పటినుంచి సైరన్ మోగితే బాట వైపు ఒకసారి చూసేవాడు, నిజంగా ఎవరో అన్నం డబ్బా పట్టుకుని డ్యూటీకి వస్తున్నట్టు. ఎవరూ రాకపోతే మళ్లీ వంగేవాడు. తుంగకున్న మట్టి దులిపి, తీసుకెళ్లి బాట మీద ఎండకు పరిచేవాడు. నేను వెళ్లిన రోజు మాత్రం లేచి నిలబడి చార్జి అప్పగించేవాడు: "గీ అంచుదాక అయింది. గా మూలకున్నది, సూడు."

పంట ఓ మోస్తరుగా వెళ్లింది. గడ్డలు మరీ పెద్దవి కావు గాని గట్టివి. వాటిని వాకిట్లో ఆరబోస్తుంటే పక్క చేను ఆయన వచ్చాడు.

"బావా, వచ్చేటేడన్న ఇస్తవా చేను?"

"ఎట్లిస్తనే? నా రిలీవర్ ఇంక రాలే" అన్నాడు మీ తాత.

పక్క చేను ఆయనకు అర్థం కాక నా వైపు చూశాడు. నేను ఉల్లి తోకలు కోస్తూ తల ఎత్తలేదు.