నక్క ఆట, నాయిన కరెంటు

మా నాయిన థర్మల్ కరెంటు కేంద్రంలో బొగ్గు మోసే బెల్టుల దగ్గర పనిచేసేవాడు. చిన్నప్పుడు రాయచూరులో కరెంటు పోయినప్పుడల్లా ఆయనే తీశాడని నమ్మేదాన్ని. నేనే కాదు, మా వీధి వాళ్లూ అంతే. "ఏంది సార్, గిప్పుడే పంపు ఏస్తిమి, గిప్పుడే తీస్తిరి" అని గుమ్మంలోకొచ్చి అడిగేవారు. బొగ్గు బెల్టుకూ వాళ్ల పంపుకూ సంబంధం లేదని చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పి పుట్టేది.

నా బాధ పంపు గురించి కాదు. టీవీలో వచ్చే నక్క బొమ్మల సీరియల్ మీద చేసిన ఒక వీడియో గేమ్ క్యాసెట్ మా ఇంట్లో ఉండేది. నక్క గోడలెక్కి, గుంతలు దూకి, చివరికి ఎర్ర గేటు చేరాలి. ఆగినచోటు గుర్తుపెట్టుకునే తెలివి ఆ ఆటకు లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటి గోడే. ఒకసారి సరిగ్గా గేటు ముందు నిలబడ్డాను, టప్పున పోయింది. నాయిన డ్యూటీ నుంచి మసిముఖంతో వస్తే, కాళ్లు కడుక్కోనివ్వకుండా పోట్లాడి, చాలా రోజులు మాట్లాడలేదు.

ఈమధ్య అదే ఆటను కొత్తగా చేసి అమ్ముతున్నారంటే ఆశపడి కొన్నాను. ఒళ్లు మండిపోయింది. నక్క తోమిన స్టీలు చెంబులా మెరుస్తోంది. గోడ అంచు మీద కాలు పెడితే నిలవదు, జారిపోతుంది. అన్నిటికన్నా దాని నోరు. ప్రతి గోడ ముందూ ఆగి ఇంగ్లీషులో ఉపన్యాసం. ఆపుదామంటే దారి లేదు. పాత నక్క మూగది, ఎంత బుద్ధిగా ఉండేదో. పీడా పోతుంది, తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను.

రిటైరై నా దగ్గరే ఉంటున్న నాయిన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఏమంటున్నది గది?"

"దారి నాకే ఎరుక అంటున్నది, నాయినా. పడ్డంక తప్పు గోడదంటది."

"నీ లెక్కనే ఉన్నది" అని నవ్వాడు. "ఆడు బిడ్డా. ఆ గేటు ఎనక ఏమున్నదో నేను సూడాలె. దానికోసమే గద నాతోని మాట్లాడకపోతివి."

ఆయన ఇన్నేళ్లూ ఆ గేటును మరిచిపోలేదని అప్పుడు తెలిసింది. ఇక ఆట తిరిగి ఇవ్వలేదు. నక్క వాగినప్పుడల్లా ఆయనకు మా భాషలో చెప్పడం నా పనైంది. చెప్పగా చెప్పగా ఆ వాగుడు నాకూ నచ్చసాగింది. ఆ జారుడు మాత్రం ఇప్పటికీ నచ్చదు.

ఒక మధ్యాహ్నం ఎర్ర గేటు దాకా వచ్చాం. గేటు మీద చెయ్యి వేసి నక్క మళ్లీ మొదలుపెట్టింది. "నోరు మూసుకొని గేటు తెరువ్" అని నేను విసుక్కుంటుండగానే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. నాయిన నా వైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

"నేను తియ్యలే, బిడ్డా."

నవ్వేశాను.

"నాకెరుకే నాయినా. యాడ ఆగినమో ఈ నక్కకు యాదుంటది. కరెంటు రాంగనే గేటు కాడ్నుంచే ఆడొచ్చు."

కరెంటు వచ్చింది. నక్క గేటు ముందే ఉంది, ఉపన్యాసం మొదటినుంచీ అందుకుంది. అది ముగిసేదాకా ఇద్దరం ఓపిగ్గా విన్నాం. తర్వాత రిమోట్ నాయిన చేతిలో పెట్టి, నొక్కాల్సిన మీట చూపించాను. గేటు ఆయనే తెరిచాడు.